చదివేవాళ్లు తగ్గినా పేపర్లో పడాలనే కోరిక ఎందుకు తగ్గలేదు? విశాఖలో వార్తల అలవాట్లు, పీఆర్ లెక్కలు

క్లుప్తంగా: పొద్దున్నే గుమ్మంలో పడే పేపరు పోయి, వార్త రోజంతా ఫోన్లో ముక్కలు ముక్కలుగా వస్తోంది. దాంతో పౌర సంబంధాల (పీఆర్) పని చేసేవాళ్లకు గడువు అనేది లేకుండా పోయింది, మధ్యలో వార్తను దిద్ది వడపోసే పత్రికాఫీసు డెస్కు బలహీనపడింది. అయినా అచ్చులో పడ్డ వార్తకు విలువ పోలేదు. కాకపోతే ఆ విలువ ఇప్పుడు చదవడంలో లేదు, చూపించుకోవడంలో ఉంది. విశాఖపట్నం ఉదాహరణలతో ఈ మార్పు ఎలా పనిచేస్తోంది, డబ్బు ఏ దారిన పోతోంది, ఈ క్రమంలో ఏం జారిపోతోంది అన్నదే ఇక్కడి విషయం.

గొట్టాలు పెరిగాయి, ప్రశ్న మారలేదు

డాబాగార్డెన్స్ ప్రెస్ క్లబ్‌లోనో, సిరిపురం వైపు ఏదో హోటల్ హాల్లోనో ఒక ప్రెస్ మీట్ జరుగుతోందనుకుందాం. ఒక ఆస్పత్రి కొత్త మెషీన్ తెచ్చింది, లేదా ఒక సంఘం కార్మికుల బకాయిల గురించి మాట్లాడుతోంది. టేబుల్ మీద మైకులు, అంటే విలేకరుల భాషలో గొట్టాలు, మాట్లాడే మనిషి గడ్డం దాకా పేర్చి ఉంటాయి. వాటి లోగోల్లో సగం పేర్లు ఊళ్లో చాలామంది విని ఉండరు. పేపర్ల వాళ్లు కొందరు వస్తారు, కొందరు రారు, రానివాళ్లు "ప్రెస్ నోట్ వాట్సాప్ గ్రూపులో పెట్టేయండి" అంటారు. మీట్ అయ్యేలోపే ఎవరో ఒకరు ఫేస్‌బుక్‌లో లైవ్ ఇచ్చేసి ఉంటారు. ఇంత జరిగాక మర్నాడు పొద్దున నిర్వాహకుడు అడిగే మొదటి మాట మాత్రం పాతదే: పేపర్లో వచ్చిందా?

ఇంట్లో పేపరు మానేసి ఏళ్లవుతున్న మనిషి కూడా ఇదే అడుగుతాడు. పత్రికలు పోతున్నాయని ఒక పక్క, పత్రికల్లో కవరేజీ కోసం ఈ తంటాలేమిటని ఇంకో పక్క చాలామందికి కలిగే తికమక ఇక్కడిదే. ఒక మాధ్యమాన్ని చదివేవాళ్ల సంఖ్యకూ, అందులో కనపడాలనుకునేవాళ్ల సంఖ్యకూ సంబంధం ఉండాలని అనుకుంటాం కాబట్టి ఈ తికమక. ఆ సంబంధం తెగిపోయి కొంతకాలమైంది.

గడువు ఉన్న రోజులు

పత్రికా ప్రకటనకు, అంటే ప్రెస్ నోట్‌కు, మొదటి నమూనాగా సాధారణంగా చెప్పేది 1906 నాటి ఒక అమెరికా ఉదంతం. అట్లాంటిక్ సిటీలో పెన్సిల్వేనియా రైల్‌రోడ్ రైలు వంతెన మీంచి నీళ్లలో పడి పదుల మంది చనిపోతే, కంపెనీ తరఫున ఐవీ లీ అనే ఆయన ఏం జరిగిందో రాసి విలేకరులకు పంచాడు. పుకార్లు పేపరెక్కేలోపు మన మాట వాళ్ల చేతిలో పెట్టాలి, ఉపాయం ఇంతే. పేపరు అచ్చయ్యేలోపు టైముంటుంది అన్నదే దానికి ఆధారం.

విశాఖలో ఈ పని ప్రధానంగా పెద్ద సంస్థల పీఆర్వోల చేతుల్లో పెరిగింది. 1933లో పోర్టు, 1941లో షిప్‌యార్డు, 1957లో రిఫైనరీ, తర్వాత స్టీల్‌ప్లాంటు. అసలు ఊళ్లో పొద్దున్నే పేపరు చదవడం అనే అలవాటు గట్టిపడిందే 1974 తర్వాత. అంతవరకూ పత్రికలు ఎక్కడో అచ్చయి రైల్లో వచ్చి, పొద్దెక్కాక చేతికందేవి. ఆ ఏడాది ఆగస్టు 10న ఈనాడు సీతమ్మధారలో మొదలై తెల్లారేసరికి పేపరు గుమ్మంలో వెయ్యడంతో లెక్క మారింది. 1989లో అదే పత్రిక జిల్లా టాబ్లాయిడ్లు, అంటే ఒక్కో జిల్లాకు విడిగా చిన్న సైజు పేపర్లు, తెచ్చాక ఇంకా మారింది: అప్పటిదాకా పత్రిక దృష్టిలో వార్తే కాని విషయాలు, అంటే గాజువాకలో రక్తదాన శిబిరం, కంచరపాలెంలో డ్రైనేజీ గొడవ, ఒక బడి వార్షికోత్సవం, వీటన్నిటికీ రోజూ నింపాల్సిన జాగా వచ్చింది. జాగా ఉంటే నోట్ కావాలి, నోట్ కావాలంటే రాసేవాడు కావాలి. చిన్న సంస్థలకూ పీఆర్ అవసరం పుట్టింది అప్పుడే.

ఆ రోజుల్లో రూల్సు అందరికీ తెలుసు. ప్రెస్ మీట్ పదకొండు, పన్నెండుకల్లా పెట్టాలి, ఫొటోలూ నోటూ సాయంత్రంలోపు ఆఫీసులకు చేరాలి, దూరప్రాంతాలకు వెళ్లే ఎడిషన్ల పేజీలు ముందే మూసేస్తారు గనక అక్కడి వార్తయితే ఇంకా తొందరగా. సాయంత్రం ఒక తప్పు దొరికితే రాత్రి డెస్కుకు ఫోన్ చేసి దిద్దించుకోవచ్చు. డెస్కులో కూర్చున్నాయన నోట్‌లోని విశేషణాలన్నీ కొట్టేసి, నాలుగు వాక్యాలు మిగిల్చేవాడు. పీఆర్వోలకు అది చికాకే గాని, పాఠకుడికి మేలు.

2014 తుపాను, 2020 గ్యాస్

ఈ మధ్యలో ఏం మారిందో చూడ్డానికి విశాఖకు రెండు తేదీలు చాలు.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు కరెంటు రోజుల తరబడి లేదు, సెల్ టవర్లు పడిపోయాయి, ఫోన్లు చేతిలో ఉన్నా ఉత్తవే. ఊరు ఊరంతా ఏం జరిగిందో ఊరికే తెలియని పరిస్థితి. సమాచారం కొరత వల్ల వచ్చిన భయం అది.

2020 మే 7న ఆర్ఆర్ వెంకటాపురంలోని ఎల్జీ పాలిమర్స్ ప్లాంటు నుంచి స్టైరీన్ అనే విషవాయువు బయటికొచ్చింది తెల్లవారుజామున. ఆ రోజు పేపర్లు అప్పటికే అచ్చయిపోయాయి కాబట్టి వాటిలో ఒక్క ముక్క లేదు. కానీ జనం రోడ్ల మీద కుప్పకూలుతున్న వీడియోలు తెల్లారేసరికే దేశమంతా తిరిగాయి. 12 మంది చనిపోయిన ఆ ప్రమాదం గురించి బయటివాళ్లకు తెలిసిన మొదటి సంగతి ఏ ప్రకటన ద్వారానూ కాదు, అక్కడి జనం ఫోన్ల ద్వారానే. కంపెనీ ప్రకటన ఆ రోజే వచ్చింది, కానీ వచ్చేసరికి అది ఒక స్పందన మాత్రమే. ఇంకా చూడాల్సింది ఆ రాత్రి జరిగింది: మళ్లీ లీకవుతోంది, ట్యాంకు పేలుతుందట అనే మాట పాకి చుట్టుపక్కల కాలనీల జనం అర్ధరాత్రి బండ్లు తీసుకుని రోడ్డెక్కారు. లాక్‌డౌన్ రోజులవి. ఇది సమాచారం ఎక్కువై, అందులో ఏది నిజమో చెప్పే నమ్మకమైన గొంతు తక్కువై వచ్చిన భయం.

ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ తర్వాత ఇచ్చిన నివేదికలో, ఆ రాత్రి ప్లాంటు సైరన్ మోగలేదని ఉంది. సంక్షోభంలో పీఆర్ గురించి చెప్పే పాఠాల్లో మొదటి గంటలో ఏ ప్రకటన ఇవ్వాలి అని బోలెడు ఉంటుంది గానీ, ఆ ఊరివాళ్లకు కావాల్సిన ప్రకటన సైరనే.

ఈ రెండు తేదీల మధ్య వచ్చింది 2016 సెప్టెంబర్‌లో జియో. డేటా చవకైంది, వీడియో పంపడం మెసేజ్ పంపినంత తేలికైంది. అప్పట్నుంచీ ఐవీ లీ నాటి లెక్క పనిచెయ్యడం మానేసింది, ఎందుకంటే పుకారుకీ అచ్చుకీ మధ్య ఉండే ఆ ఆరేడు గంటల ఖాళీ ఇప్పుడు లేదు. నోట్ తయారుచేసి, పైవాళ్ల ఆమోదం తీసుకుని, తప్పులు దిద్ది పంపేలోపు విషయం ఊరు దాటిపోతోంది. చాలా సంస్థల్లో ప్రకటన మీద ఇద్దరు ముగ్గురు అధికారుల సంతకాలు కావాలి అనే పద్ధతి మాత్రం ఇంకా పాత గడువు లెక్కలోనే ఉంది, సగం సందర్భాల్లో ఆలస్యానికి కారణం విలేకరులూ కాదు, వాట్సాప్ కూడా కాదు, ఆ ఫైలే.

క్లిప్పింగ్ అనే సర్టిఫికెట్

మరి పేపర్లో పడాలనే ఆరాటం ఎందుకు మిగిలింది?

ఒక వార్త ఫోన్లో వచ్చినప్పుడు దాన్ని ఎవరైనా పెట్టొచ్చని అందరికీ తెలుసు. పేపర్లో వచ్చినప్పుడు మాత్రం, మధ్యలో మనకు సంబంధం లేని మనిషొకడు దాన్ని చూసి, సరే అన్నాడని అర్థం. జాగా పరిమితం కాబట్టి ఇంకేదో తీసేసి దీన్ని పెట్టారని కూడా అర్థం. ఆ ఒప్పుకోలు కోసమే క్లిప్పింగ్. మధురవాడలో ఒక స్టార్టప్ మీద జిల్లా పేజీలో చిన్న బాక్స్ వస్తే దాన్ని పేపర్లో చదివేవాళ్లు కొంతమందే. దాన్ని కత్తిరించి వాట్సాప్ స్టేటస్‌లో, లింక్డిన్‌లో, బ్యాంకు మేనేజరుకిచ్చే ఫైల్లో, ఆఫీసు గోడ మీద పెడితే చూసేవాళ్లు వేరు, పడ్డ తంటాలకు ఫలితం దక్కేది అక్కడే. రాజకీయ నాయకుడి అనుచరుడైనా, డిగ్రీ కాలేజీ ప్రిన్సిపాలైనా చేసేదిదే. పత్రికల ఈ-పేపర్లలో వార్త చుట్టూ గీత గీసి, పత్రిక పేరూ తేదీతో సహా కత్తిరించి పంపుకునే సౌకర్యం పెట్టారంటే, ఈ వాడకం సంగతి పత్రికలకూ తెలుసన్నమాట.

దీని వెనక పీఆర్ కంపెనీల పాత లెక్క కూడా ఒకటుంది. వచ్చిన కవరేజీని స్కేలుతో కొలిచి, అన్ని కాలమ్ సెంటీమీటర్ల యాడ్ వేసుకుంటే ఎంతయ్యేదో లెక్కగట్టి, "మీకు ఇన్ని లక్షల విలువైన ప్రచారం తెచ్చిపెట్టాం" అని క్లయింటుకు రిపోర్టు ఇస్తారు. ఈ కొలత తప్పని ఆ రంగం వాళ్లే 2010లో బార్సిలోనాలో కూర్చుని తీర్మానించుకున్నారు, ఎందుకంటే ప్రకటన రేటు జాగా ధర చెబుతుంది గాని ఎవరు చదివారో, చదివి ఏం చేశారో చెప్పదు. అయినా ఆ లెక్క పోలేదు. క్లయింటుకు ఒక అంకె కావాలి, అచ్చులో వచ్చినదాన్ని కొలవడం తేలిక. కొత్తగా దాని పక్కన యూట్యూబ్ వ్యూలు, ఇన్‌స్టా రీచ్ అని ఇంకో రెండు కాలమ్స్ చేరాయి, అవీ అంతే తేలిక, అంతే డొల్ల. వ్యూల్లో సగం ఎక్కడో వేరే ఊళ్లలో ఉన్నవాళ్లవైతే ఎంవీపీ కాలనీలో ఉన్న దంత వైద్యుడికి ఒరిగేదేమిటి?

క్లిప్పింగే సర్టిఫికెట్ అయినప్పుడు, దొంగ సర్టిఫికెట్లు రావడం వింతేమీ కాదు. ఎన్నికల రోజుల్లో పెద్ద పత్రికల ఫాంటు, లేఅవుట్ అచ్చు గుద్దినట్టు చేసిన నకిలీ క్లిప్పింగులు తిరుగుతాయి. వే2న్యూస్ లాంటి యాప్‌ల లోగో పెట్టి తయారుచేసిన పోస్టులూ తిరుగుతాయి, ఆ వార్త మాది కాదని ఆ సంస్థలు మళ్లీ వేరే పోస్టు పెట్టుకోవాల్సి వస్తోంది. అచ్చుకున్న పరువును అరువు తెచ్చుకుని అబద్ధాన్ని అమ్మడం ఇది. ఇలా ఎక్కువైన కొద్దీ ఆ పరువే అరుగుతుంది.

డబ్బు ఏ దారిన పోతోంది

2020 లాక్‌డౌన్ ఈ కథలో పెద్ద మలుపు. పేపరు ముట్టుకుంటే వైరస్ వస్తుందేమోనని చాలా ఇళ్లలో ఆపేశారు, మానేసినవాళ్లలో కొందరు మళ్లీ వేయించుకోలేదు. యాడ్లు పడిపోయాయి, పత్రికలు పేజీలు కుదించాయి, జిల్లా వార్తలు విడి టాబ్లాయిడ్‌లోంచి మెయిన్ పేపర్లోకి సర్దుకున్నాయి. అదే సమయంలో ఈ-పేపర్ పీడీఎఫ్‌లు పొద్దున్నే వాట్సాప్, టెలిగ్రామ్ గ్రూపుల్లో ఊరికే తిరగడం పెరిగింది. ఒక హిందీ పత్రిక ఢిల్లీ హైకోర్టుకు వెళ్లి టెలిగ్రామ్ చానళ్లను తీయించుకోవాల్సి వచ్చింది ఆ ఏడాదే. అంటే చదవడం పూర్తిగా ఆగలేదు, చదివినందుకు డబ్బు కట్టడం ఆగింది.

పేజీలు తగ్గితే పోటీ పెరుగుతుంది. పెరిగిన పోటీలో యాడ్ ఇచ్చేవాడి వార్తకు తోవ సులువవుతుంది. ఇక్కడ మధ్యలో నలిగేది మండల విలేకరి. ఈయనకు చాలా చోట్ల జీతం ఉండదు, అచ్చయిన వార్తను కొలిచి ఇచ్చే లైన్ అకౌంటూ, తెచ్చిన ప్రకటన మీద కమీషనూ తప్ప. ఆగస్టు 15, సంక్రాంతి, పత్రిక వార్షికోత్సవం వస్తున్నాయంటే యాడ్ టార్గెట్ టెన్షన్. పొద్దున ఒక ప్రైవేటు కాలేజీ ఫీజుల మీద వార్త రాసి, సాయంత్రం అదే కాలేజీకి యాడ్ అడగడానికి వెళ్లాల్సిన మనిషి నుంచి ఎంత నిష్పాక్షికత ఆశించగలమో ఎవరికి వాళ్లు లెక్క వేసుకోవచ్చు. డబ్బు తీసుకుని వార్త వేసే పద్ధతి మీద ప్రెస్ కౌన్సిల్ కమిటీ 2010లోనే వివరంగా రాసింది, 2009 ఎన్నికల్లో ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన ఫిర్యాదులు అందులో ముఖ్యమైనవి. కాబట్టి పాతకాలం పవిత్రం, కొత్తకాలం పాడు అనుకోవడానికి లేదు.

యూట్యూబ్ చానల్ లెక్క ఇంకోలా ఉంటుంది. ప్రకటనల ఆదాయంలో పూర్తి వాటా రావాలంటే వెయ్యి మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ (లేదా మూడు నెలల్లో కోటి షార్ట్స్ వీక్షణలు) ఉండాలి. అది దాటాక మామూలు వీడియో మీద వచ్చే ప్రకటన డబ్బులో 55 శాతం చానల్‌కు ఇస్తారు. వినడానికి బావుంది. కానీ భీమిలి రోడ్డు గుంతల మీదో, నగరపాలక సంస్థ (జీవీఎంసీ) కౌన్సిల్ సమావేశం మీదో చేసిన వీడియోను చూసేవాళ్లు వేలల్లో ఉంటారు, లక్షల్లో ఉండరు, తెలుగు వీక్షణలకు వచ్చే రేటు కూడా తక్కువే. కెమెరామన్ పెట్రోలు ఖర్చు కూడా రాదు. అందుకని లోకల్ చానల్ ముందు రెండే దారులు: లక్షల్లో చూసే సినిమా, రాజకీయ తిట్లు, భయపెట్టే థంబ్‌నెయిళ్ల వైపు పోవడం, లేదంటే కవరేజీకే ప్యాకేజీ మాట్లాడుకోవడం. ఇంటర్వ్యూకి ఇంత, ప్రారంభోత్సవానికి ఇంత, షార్ట్స్ ముక్కలు కూడా కావాలంటే ఇంకొంత.

పత్రికలో ప్రకటనకు కనీసం ఒక గీత, మూలన 'ప్రకటన' అనే చిన్న అక్షరాలు ఉంటాయి. ప్యాకేజీ ఇంటర్వ్యూకి ఆ గీత కూడా ఉండదు. రూల్స్ లేక కాదు. ప్రకటనల ప్రమాణాల మండలి 2021లోనే ఇన్‌ఫ్లూయెన్సర్లు డబ్బు తీసుకున్న పోస్టుకు స్పష్టంగా లేబుల్ పెట్టాలంది, 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ కూడా అదే చెప్పింది, తప్పుదోవ పట్టించే ప్రకటనకు పది లక్షల దాకా జరిమానా వేసే అధికారం చట్టంలో ఉంది. కానీ ఆ రూల్స్ రాసినవాళ్ల మనసులో ఉన్నది క్రీములు, యాప్‌లు అమ్మే సెలబ్రిటీ. జగదాంబ దగ్గర కొత్తగా తెరిచిన క్లినిక్ డాక్టరును గంటసేపు 'సార్ మీరు దేవుడు' అని పొగిడే ఇంటర్వ్యూ వార్తో ప్రకటనో తేల్చే పని ఎవరూ నెత్తిన వేసుకోలేదు.

అడగడానికి మనిషి లేని వార్త

పెద్ద సంస్థలు, ప్రభుత్వాలు ఈ గొడవంతా వదిలేసి నేరుగా జనంతో మాట్లాడటం మొదలుపెట్టాయి. 2021 జనవరి 27న కేంద్రం విశాఖ ఉక్కులో వాటాలు పూర్తిగా అమ్మడానికి సూత్రప్రాయంగా ఒప్పుకున్న సంగతి, ఫిబ్రవరి మొదట్లో ప్రభుత్వ వాటాల అమ్మకం చూసే శాఖ (దీపమ్) కార్యదర్శి పెట్టిన ట్వీట్‌తో బయటపడింది. 1966లో 'విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు' అని రోడ్డెక్కి సాధించుకున్న ఫ్యాక్టరీ గురించిన కబురు ఆ ఫ్యాక్టరీ ఉన్న ఊరికి అలా చేరింది. ఇంకో సంగతి కూడా ఉంది: 2025 అక్టోబర్ 14న గూగుల్ విశాఖలో 15 బిలియన్ డాలర్ల ఏఐ హబ్, అంటే భారీ డేటా సెంటర్, పెడుతున్నట్టు ప్రకటించింది ఢిల్లీలో, సుందర్ పిచాయ్ పోస్టు క్షణాల్లో అందరి ఫోన్లలో ఉంది. మర్నాటి పేపర్లకు మిగిలింది వివరణ మాత్రమే.

నేరుగా చెప్పడంలో లాభాలు నిజమే. తుపాను రోజుల్లో విశాఖలోని సైక్లోన్ వార్నింగ్ సెంటర్ బులెటిన్ మధ్యలో ఎవరూ మసాలా వెయ్యకుండా ఫోన్లోకి రావడం మంచిదే. 2025 జనవరి 30న 161 సేవలతో మొదలైన రాష్ట్ర ప్రభుత్వ 'మన మిత్ర' వాట్సాప్ నంబరులో సర్టిఫికెట్ల నుంచి బిల్లుల దాకా పనులు జరుగుతున్నప్పుడు ప్రభుత్వ ప్రకటన ఫలానా పేజీలో ఎక్కడో వెతుక్కోవాల్సిన పనేముంది?

నష్టం ఎక్కడంటే, ట్వీట్‌ను ఎవరూ ఆపి అడగలేరు. ప్రెస్ మీట్‌లో, ఎంత నాసిరకం ప్రెస్ మీట్‌లోనైనా, వెనక వరసలోంచి ఒకడు "నీళ్లు ఎక్కణ్నుంచి తెస్తారు సార్?" అని అడిగే అవకాశం ఉంటుంది. డేటా సెంటర్‌కు ఎన్ని నీళ్లు, ఎంత కరెంటు, ఎన్ని శాశ్వత ఉద్యోగాలు అనేవి ప్రకటనలో ఉండే మాటలు కావు, ప్రశ్నలోంచి వచ్చే మాటలు. ఐటీ కంపెనీకి భూమి 99 పైసలకు ఇచ్చారన్నప్పుడు కూడా అదే అయింది. 2025 ఏప్రిల్‌లో టీసీఎస్‌కు రుషికొండలో 21.16 ఎకరాల కేటాయింపు వార్తలో జనానికి గుర్తున్నది 99 పైసలే. మెచ్చుకున్నవాళ్లకూ తిట్టినవాళ్లకూ ఆ ఒక్క అంకె చాలింది, షరతులేమిటన్నది మీమ్‌లో పట్టదు.

కోట్లు పెట్టి పీఆర్ చేసుకోగలిగినవాళ్లు నేరుగా మాట్లాడేస్తే, స్థానిక పత్రికకు మిగిలేది చిన్నవాళ్ల ప్రెస్ నోట్లు. అందులో పని భారం ఎక్కువ, ఆదాయం తక్కువ. 2022 ఏప్రిల్‌లో ఉమ్మడి విశాఖ జిల్లా మూడుగా విడిపోయాక అనకాపల్లికీ, అల్లూరి జిల్లాకూ విడివిడిగా వార్తలు అందించాల్సి వచ్చింది, మరి పాడేరు కొండల మీద ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి డాక్టరు రావట్లేదన్న వార్తను ఏ యూట్యూబ్ ప్యాకేజీ మోస్తుంది?

ఇక ముందు

వార్తా మాధ్యమాలను అధ్యయనం చేసే రాయిటర్స్ ఇన్‌స్టిట్యూట్ 2025 నివేదిక ప్రకారం అమెరికాలో సోషల్ మీడియా, వీడియో వేదికల్లో వార్తలు చూసేవాళ్లు 54 శాతం, టీవీలో చూసేవాళ్లు 50 శాతం. అక్కడ ఇలా తారుమారవడం ఇదే మొదటిసారి. అదే నివేదికలో ఇండియా అంకెలు ప్రధానంగా ఇంగ్లిష్ వచ్చి ఇంటర్నెట్ వాడేవాళ్లవి కాబట్టి, వాటిని తీసుకొచ్చి మన మార్కెట్‌కు అతికించడం సరికాదు. ఇక్కడ టీవీ ఇంకా నడుస్తోంది, చాలా ఇళ్లలో వంటింటి దాకా వినపడేలా.

ఇంకో మార్పు నెమ్మదిగా వస్తోంది. 2024లో గూగుల్ ఇండియాలో కూడా సెర్చ్ పైన ఏఐ సారాంశం చూపించడం మొదలుపెట్టాక, విశాఖలో మోకాలి ఆపరేషన్‌కు మంచి ఆస్పత్రి ఏది అని అడిగినవాడు లింకులు తెరవకుండానే జవాబు చదువుకుంటున్నాడు. ఆ జవాబు వెబ్‌లో ఉన్న రాతలోంచి వస్తుంది. ఏ వెబ్‌సైటో మార్చకుండా వేసేసిన ప్రెస్ నోట్ కూడా అందులో ఒక రాతే, డెస్కు కొట్టేయాల్సిన విశేషణాలతో సహా. పీఆర్ కంపెనీలకు ఈ సంగతి ఇప్పటికే అర్థమైంది. పాత ప్రెస్ నోట్లను మళ్లీ తిరగరాసి ఆన్‌లైన్లో పెట్టించే పని ప్యాకేజీల్లో చేరుతోంది.

క్లిప్పింగ్ సంగతి తేలడానికి ఇంకో పదేళ్లు పట్టొచ్చు. ఇవాళ మధురవాడలో ఇంజినీరింగ్ చదువుతున్న కుర్రాడు రేపు కంపెనీ పెడితే జిల్లా పేజీలో ఫొటో రావాలనే కోరుకుంటాడు, అది చూసి మురిసిపోయే నాన్న ఇంట్లో ఉన్నాడు గనక. ఆ కంపెనీలో ఉద్యోగానికొచ్చే పిల్లలు మాత్రం ఆ పేపరు పేరు వాళ్ల తాతగారింట్లో తప్ప ఎక్కడా చూసి ఉండరు.